మూడు గంటల్లోపు విత్‌డ్రా

"మామా... తిరిగి సూడొద్దు! పోనీ!"

వెనక సీట్లోంచి మునిరత్నమ్మ అరుస్తోంది. మొగుడు చిన్నబ్బ మోపెడ్ యాక్సిలరేటర్ మొత్తం తిప్పేశాడు.

వడమాలపేట దాటారు. వెనక తెల్ల స్కార్పియో... దగ్గరికొచ్చేస్తోంది!

మధ్యాహ్నం రెండూ నలభై. మూడు దాటితే నామినేషన్ వెనక్కి తీసుకోవడం కుదరదు.

చిన్నబ్బ పంచర్లు వేసుకునే మనిషి. ఎమ్మెల్యే అభ్యర్థి దయానంద్ మనుషులే అతన్ని ఇండిపెండెంట్‌గా నిలబెట్టారు. దయానంద్ ఖర్చుకు లిమిట్ ఉంది. ఆశకు లేదు. లిమిట్ దాటిన జీపులు, కుర్చీలు, బిర్యానీ పొట్లాలు అన్నీ చిన్నబ్బ ఖాతాలోకే.

పోయిన ఎన్నికల్లో ఇలాంటి డమ్మీ అభ్యర్థి తిరుమలయ్య. ఆయన పేరున ప్రచారం పాస్ ఉన్న జీపు మద్యంతో దొరికింది. జీపు ఎవరిదో పోలీసులకూ తెలుసు. జైలుకెళ్లింది మాత్రం తిరుమలయ్య! ఆయన పెళ్లాం తాయమ్మ నిన్న వచ్చి ఏడ్చేదాకా చిన్నబ్బకు ఆ సంగతే తెలీదు.

స్కార్పియో పక్కకొచ్చింది. అద్దం దిగింది. దయానంద్ కుడిభుజం నరేంద్ర!

"యాడికబ్బా అంత అర్జెంటు? ఆపు!"

చిన్నబ్బ టక్కున హ్యాండిల్ తిప్పాడు. మామిడితోటలోకి! కొమ్మలు మొహాన్ని గీరేస్తున్నాయి... కారు పట్టని దారి.

"నాకు బయమైతాండాది రత్నా..."

"గమ్మునుండు! నేనుండాను గదా!"

రెండూ యాభై ఆరు. ఆఫీసు గేటు. పరుగు... మెట్లు... రొప్పుతూ విత్‌డ్రా కాగితం అందించాడు. రిటర్నింగ్ ఆఫీసర్ అతని మొహం చూశాడు. సంతకం చూశాడు.

ఠప్! స్టాంపు పడింది.

చిన్నబ్బ గోడకానుకుని ఏడ్చేశాడు. బతికిపోయాననుకున్నాడు పాపం.

మూడైంది. తలుపు మూశారు. కాసేపటికి బోర్డు మీద చివరి జాబితా అంటించారు.

మునిరత్నమ్మ వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదువుతోంది. చిన్నబ్బ పేరు లేదు. నవ్వింది. వేలు ఇంకో లైను దిగి... ఆగిపోయింది.

"మామా... ఈడ నా పేరుండాది!"

మునిరత్నమ్మ... ఇండిపెండెంట్!

"నువ్వెప్పుడు ఏసినావే?"

"నీ నామినేషన్ దినం... ఆ నరేంద్రోళ్లు సాక్షి సంతకమన్నారు. ఆఫీసర్ ముందర ఏందో సదవమంటే సదివినా..."

చిన్నబ్బ మూసిన తలుపును రెండు చేతులా బాదుతున్నాడు. "సార్! ఆమెది గూడా తీసేయండి సార్!"

"టైమైపోయింది." లోపల్నుంచి గొంతు.

వెనక నరేంద్ర. మొహంలో కోపమే లేదు. చేతులు జోడించాడు... చిన్నబ్బకు కాదు.

"రాక్కా... కార్లో కూచో. పన్నెండు జీపులకు పాస్‌లు తీయల్ల. నీ సంతకాలు గావల్ల."