సిగ్నల్ లేని చోట లిదియా

ఏజెంట్ అంతోనయ్యని తల్లాడ దగ్గర పొద్దున ఆరుంబావుకి లారీ గుద్ది చంపింది. హంతకుడు అతన్ని ఒక్కరోజు కూడా వెంటాడలేదు. ఎన్నింటికి లేస్తాడో, ఏ రోడ్డున వాకింగ్ చేస్తాడో, ఎక్కడ ఆగి ఆయాసం తీర్చుకుంటాడో అతని చేతి వాచీయే చెప్పేసింది.

ఖమ్మం రహస్య ఆఫీసులో చీఫ్ షాలేమ్‌రాజు ఏజెంట్ జస్టిన్‌కి బ్రీఫింగ్ మూడు నిమిషాల్లో ముగించాడు.

"అంతోనయ్య వాచీలున్న హెల్త్ యాప్ వెనక విదేశీ ముఠా ఉంది జస్టిన్. కోడ్ నేమ్ ఆర్కిడ్. మన ఆఫీసర్ల నిద్ర, బీపీ, తిరిగే దారులు అన్నీ వాళ్ల చేతుల్లోనే ఉన్నయ్. యాప్‌లో పనిచేసిన ఇంజనీర్ లిదియా మనకి సాక్షి. టేకులపల్లి అవతల తండాలో దాచినం. రేపు కోర్టుకి తేవాలె. ఆమె పోతే కేసు పోయినట్టే."

బయట టెక్నికల్ వింగ్ హెడ్ ఫ్లోరెన్స్ ఎదురైంది. ఆమె నవ్వితే ఆ ఆఫీసులో ఫైళ్లు కదలడం మానేస్తాయి.

"నిరుడు నిద్రలేక దవాఖానాల పడ్డవ్. అడవిల కూడా నీ వాచీ ఆగొద్దు," అంటూ సబ్బుబిళ్లంత శాటిలైట్ డబ్బా జస్టిన్ చేతిలో పెట్టింది. "ఇదుంటే ఎక్కడైనా నెట్ వస్తది. మనవాళ్లు చేసిందే, పూర్తిగా సేఫ్."

జస్టిన్ కాదనలేదు. కాదనే స్థితిలో లేడు పాపం. మాత్ర వేసుకో, నీళ్లు తాగు, మీటింగుకి పద, పడుకో అని, ఆ యాప్ లేకుండా డిపార్ట్‌మెంట్ ఇచ్చిన కొత్త వాచీ చెబితే తప్ప పూట గడవని మనిషి.

మధ్యాహ్నానికి పురుగుమందుల సేల్స్‌మన్ వేషంలో తండా చేరాడు. అక్కడ గుట్ట మీద ఒక్కచోటే సిగ్నల్. ద్వాలి అనే ఆమె తండా ఫోన్లన్నీ ఇప్పచెట్టుకి సంచుల్లో వేలాడదీసి కాపలా కాస్తుంది. ఏదైనా మోగితే కిందికి కేక వేస్తుంది. మేకల దగ్గరున్న ముసలి లాలు అందుకుంటాడు. అతని కేకని మిరపచేలో పుష్ప అందుకుంటుంది. చీఫ్ మాట్లాడేది మామూలు ఫోన్‌కే కనుక, జస్టిన్ దాన్ని అక్కడే తగిలించి చేను పక్క గుడిసెకి దిగాడు.

లిదియా బాగా చిక్కిపోయింది. షుగర్‌కి పొట్ట మీద అతికించుకున్న ఇన్సులిన్ పంపు లెక్కలు ఫోన్‌లో చూసుకుంటోంది.

"నా షుగర్ రీడింగులు డాక్టరుకి పోయి తొమ్మిది రోజులైంది సార్. భయమైతుంది. ఒక్క పది నిమిషాలు నెట్ ఇయ్యరా?"

ఆ భయం జస్టిన్‌కి బాగా తెలుసు. డబ్బా ఆన్ చేసి ఆమె పక్కన పెట్టాడు. వెంటనే చేలోంచి పుష్ప అరిచింది. "సారూ! నీకు ఫోనొచ్చిందంట!"

గుట్ట ఎక్కడానికి ఎనిమిది నిమిషాలు పట్టింది.

"ఫ్లోరెన్స్ ఆర్కిడ్ మనిషి. ల్యాప్‌టాప్‌తో సహా దొరికింది," అన్నాడు చీఫ్ గబగబా. "ఆ డబ్బా ఆన్ చేయకు!"

"చేసిన సార్. ఎనిమిది నిమిషాలైంది."

అవతల కీబోర్డు టకటకలాడింది.

"డబ్బా ఆన్ చేసిన పదో నిమిషంలో లిదియా పంపుకి కమాండ్ పోతదని ఆ ల్యాప్‌టాప్‌ల ఉంది. పంపులున్న ఇన్సులిన్ అంతా ఒక్కసారే ఒంట్లోకి ఎక్కుతది. ఇక్కణ్ణించి ఆపలేకపోతున్నం జస్టిన్."

ముఠాకి సాక్షి దొరకలేదు. చావుని మోసుకెళ్లి ఆమె పక్కన పెట్టింది తనే. చేతి వాచీ మెల్లగా మోగింది: మీ గుండె వేగం పెరిగింది, కూర్చుని ఊపిరి తీసుకోండి. దాన్ని తెంపి రాళ్లలోకి విసిరేశాడు.

"ద్వాలమ్మా! లిదియా పొట్ట మీది డబ్బా పీకెయ్యమను! జల్దీ!"

ద్వాలి ఎందుకని అడగలేదు. చేతులు నోటికి అడ్డం పెట్టి తమ భాషలో కేక వేసింది. కింద ఎక్కడో ఇంకో కేక. ఆ తర్వాత, అంతకంటే సన్నగా, మరొకటి. అంతే. ఏ మాట బయల్దేరిందో, ఏ మాట చేరిందో జస్టిన్‌కి తెలియదు. పరుగెత్తాడు. రెండుసార్లు పడ్డాడు. దేవుడా, దేవుడా అంటూ గుడిసెలోకి దూరాడు.

లిదియా నేల మీద ఉంది. ఆమె మీద మోకాలేసి పుష్ప కూర్చుంది. పుష్ప గుప్పిట్లో పంపు గుర్రుమంటూ, మందంతా మట్టిలోకి కక్కుతోంది.

"వద్దన్నా వినలే సార్! అది తీస్తే చస్తనని మొత్తుకున్న!" లిదియా ఏడుస్తోంది.

"పైనుంచి పీకమన్నరు. పీకిన," అంది పుష్ప.

జస్టిన్ ఆ మట్టిలోనే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు.

లిదియా ఆ పూట నుంచి సిరంజీతోనే ఇన్సులిన్ తీసుకుంది. మర్నాడు కోర్టులో రెండు గంటలు సాక్ష్యం చెప్పింది. ఆర్కిడ్ మనుషులు పదకొండు మంది లోపలికి పోయారు.

మిషన్ రిపోర్టులో 'ఉపయోగించిన పరికరాలు' అనే గడి దగ్గర జస్టిన్ చాలాసేపు ఆగాడు. చివరికి 'మనుషుల గొంతులు, మూడు' అని రాశాడు.

వారం తర్వాత ఢిల్లీ నుంచి మెయిల్ వచ్చింది, వాటి సీరియల్ నంబర్లు పంపమని.