ఎడమ బూటులో గుండీ

కుట్టుమిషన్ చప్పుడు ఆగింది. తాతయ్య సాక్స్ విప్పి, రెండు కాళ్ళూ స్టూలు మీద చాపాడు.

"పిడుగూ! కాళ్ళు చూస్తావా తల్లీ?"

మనవరాలిని ఆయన అలాగే పిలుస్తాడు. తొమ్మిదేళ్ళ పిడుగు అప్పటికే షటిల్ బ్యాట్ పట్టుకుని గుమ్మంలో ఉంది. అక్కడినుంచే ఓసారి తొంగి చూసింది.

"చూశా తాతయ్యా!"

"అరికాళ్ళు కూడానా?"

"ఆ! అద్దంలా ఉన్నాయి!" అంటూ వీధిలోకి పరుగు తీసింది. నిన్నా అంతే చేసింది.

తాతయ్యకు చాలా ఏళ్ళుగా షుగరు. దానివల్ల అరికాళ్ళకు స్పర్శ తగ్గిపోయింది. ఏదైనా గుచ్చుకున్నా తెలియదు. అరికాలు పైకి తిప్పి చూసుకుందామంటే నడుము సహకరించదు. మాత్రలు, తిండి, నడక ఆయన చూసుకుంటాడు. కాళ్ళు చూడటం మాత్రం పిడుగు పని.

మూడోరోజు వాన పడింది. ఆట లేదు. పిడుగు తీరిగ్గా కూర్చుని తాతయ్య ఎడమ కాలు ఎత్తి చూసింది. బొటనవేలి కింద గోరంత పుండు, ఎర్రగా, తడిగా!

"అమ్మా!" అని అరిచింది.

అమ్మ పరుగున వచ్చి, తాతయ్య నడకకు వేసుకునే, మిషన్ పక్కనే ఉండే ఎడమ బూటు తలకిందులు చేసి దులిపింది. టప్పున చొక్కా గుండీ ఒకటి కిందపడింది.

క్లినిక్‌లో నర్సు పుండు శుభ్రం చేస్తుంటే తాతయ్య నవ్వాడు.

"చొక్కాకి కుట్టాల్సిన గుండీ కాలికి కుట్టుకున్నానమ్మా!"

నర్సు నవ్వలేదు. "ఇది ఇవాళ్టి పుండు కాదు పెద్దాయనా. రెండు రోజులై ఉంటుంది. ఇంకా ఆలస్యమైతే లోపలికి పాకేది."

"మా పిడుగు ఉందిగా! రోజూ చూస్తుంది. ఒక్కరోజు కూడా మానదు."

పిడుగు తాతయ్య చొక్కా చివర పట్టుకుంది.

"లేదు తాతయ్యా. నిన్నా మొన్నా గుమ్మంలోంచే చూశా. అరికాళ్ళు చూడలేదు. అబద్ధం చెప్పా." ఏడుపు ఆగలేదు.

తాతయ్య ఆమెను దగ్గరకు లాక్కున్నాడు.

"బూటు దులిపి వేసుకోమని డాక్టరుగారు నాకు ఎన్నిసార్లు చెప్పారు?"

"చాలాసార్లు."

"దులిపానా?"

"లేదు."

"మరి! ఈ నిర్వాకం మనిద్దరిదీ." పిడుగు కళ్ళు తుడిచాడు. "కానీ తల్లీ, చూడని రోజు చూడలేదని చెప్పు. అమ్మ చూస్తుంది. నువ్వు చూశానంటే నేను ధీమాగా ఉండిపోతాను."

పుండు మానడానికి మూడు వారాలు పట్టింది. అన్నాళ్ళూ తాతయ్యకు నడక లేదు. మిషన్ తొక్కడం కూడా లేదు.

మళ్ళీ పని మొదలుపెట్టిన రోజు సాయంత్రం పిడుగు టార్చి వేసి రెండు కాళ్ళూ చూసింది. బూట్లలో చెయ్యి పెట్టి తడిమింది. వీధిలోంచి పక్కింటి పిల్ల కేకేసింది.

"వస్తున్నా!" బ్యాట్ తీసుకుని మెట్లు దిగింది. మూడో మెట్టు మీద ఆగిపోయింది. గబగబా వెనక్కి వచ్చింది.

"ఏమైందే?" అన్నాడు తాతయ్య, సాక్స్ తొడుక్కుంటూ.

"కుడికాలి చిటికెనవేలి సందు చూడలేదు."

"మరి ఆట?"

"ఆగుతుందిలే తాతయ్యా. ముందు సాక్స్ తియ్యి."