గరిటె పట్టిన తాతయ్య పరేడ్

"కాలు కదపకండి!" అంది ఆ అమ్మాయి, తెల్ల షూ లేసు బిగిస్తూ.

"నేను కదపడం లేదండీ. మీరే లాగుతున్నారు," అన్నాడు డ్రమ్మరు.

ఊళ్ళో ఏటా జరిగే అమరవీరుల పరేడ్‌లో ముందు నడిచే బ్యాండుకి పెద్ద డ్రమ్ము వాయించేది అతనే. కొత్త షూ కొనుక్కుని పోదామని షాపుకి వచ్చాడు. పరేడ్‌లో ఎవరెవరు నడవొచ్చని షాపమ్మాయి అడిగింది. తెలియదంటే పోయేది కదా! కాలరు సర్దుకుని మరీ చెప్పాడు, "యుద్ధంలో తుపాకి పట్టినవాళ్ళేనండీ" అని.

లేసు ఇంకో గుంజు గుంజింది.

"మా తాతయ్య గరిటె పట్టాడు. బాంబులు పడుతున్నా పొయ్యి ఆర్పకుండా సైనికులకి వండి పెట్టాడు. పక్కనే వంట చేస్తున్న ఆయన స్నేహితుడు అక్కడే పోయాడు. చచ్చిపోయిన వంటవాడి పేరు స్మారకం మీద చెక్కుతారు, బతికొచ్చిన వంటవాణ్ణి మాత్రం వరసలో నిలబడనివ్వరు. ఇదేం న్యాయమండీ?"

కోపంతో అదురుతున్న ఆ ముక్కుపుటాల దగ్గరే డ్రమ్మరు చూపు ఆగిపోయింది.

"రూల్ పెట్టింది నేను కాదండీ. కమిటీ."

"దానికి ప్రెసిడెంటెవరు?"

"మా... మా తాతయ్య."

"ఇంకేం, ఇంట్లో మనిషే! అడగండి," అంటూ రెండో షూ అతని ఒళ్ళో పడేసి వెళ్ళిపోయింది.

అడగడమంటే మాటలా! ఆ తాతయ్య రిటైర్డ్ కెప్టెన్. ఆయన పేపరు చదువుతుంటే పిల్లి కూడా ఆ గదిలోకి తొంగిచూడదు.

"వంటవాళ్ళా?" అన్నాడు కెప్టెన్ తాతయ్య. "రేపు లారీలు తోలినవాళ్ళు, ఉత్తరాలు మోసినవాళ్ళు కూడా వస్తామంటారు!"

"రానివ్వండి తాతయ్యా. వాళ్ళూ అక్కడ ఉన్నవాళ్ళే కదా. మీరు మాత్రం ఖాళీ కడుపుతో పోరాడారా?"

కెప్టెన్ కళ్ళజోడు పైనుంచి చూశాడు. "ఈ తెలివి నీది కాదు. ఎవర్రా ఆ పిల్ల?"

డ్రమ్మరు మళ్ళీ కాలరు సర్దుకున్నాడు.

"సరే, రమ్మను," అన్నాడు కెప్టెన్, పేపరు మళ్ళీ ఎత్తుకుంటూ. "వరస మాత్రం చెదరకూడదు."

ఆ మాట పట్టుకుని డ్రమ్మరు షాపుకి పరిగెత్తాడు. అమ్మాయి ముఖం వెలిగిపోయింది. ఇద్దరూ కలిసి వంట తాతయ్యకి చెప్పడానికి వెళ్ళారు. ఆయన అంతా విని, చేతికర్ర ఒళ్ళో పెట్టుకుని, "నేను రాను," అన్నాడు.

"ఏంటి తాతయ్యా! నీకోసం కనబడినవాళ్ళందరితో గొడవపడ్డాను!"

"నన్నడిగి పడ్డావా?"

అమ్మాయి వచ్చి ఆయన పక్కన కూర్చుంది.

"ఏటా స్మారకం గేటు బయట నిలబడి చూస్తూనే ఉన్నానుగా," అన్నాడు ఆయన. "ఆ డ్రమ్ముకి తగ్గట్టు నడవాలంటే పడుచుకాళ్ళు కావాలి. పోయిన నా స్నేహితుడి పేరు ముందే నేను బోర్లాపడితే, వెనకవాళ్ళు నన్ను దాటుకుపోతే... ఆ సిగ్గు నాకొద్దమ్మా."

"కార్లో కూర్చుంటే?" అన్నాడు డ్రమ్మరు మెల్లగా.

"వాడి దగ్గరికి కార్లోనా? వెళ్తే నడిచే వెళ్ళాలి నాయనా."

బయటికొచ్చేసరికి చినుకులు మొదలయ్యాయి. చూరు కింద నిలబడి అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. "పెద్ద ఇది లాగా అందరితో పోట్లాడాను. ఆయన భయం ఏంటో మాత్రం కనుక్కోలేదు."

లోపల వంట తాతయ్య పొయ్యి దగ్గర్నుంచి గుమ్మం దాకా నడుస్తున్నాడు. కర్ర చప్పుడు, అడుగు చప్పుడు. వాటితో పాటే డ్రమ్మరు వేళ్ళు గోడమీద కొట్టుకుంటున్నాయి.

"ఏం చేస్తున్నారు మీరు?"

"మీ తాతయ్య నడక నేర్చుకుంటున్నా."

"ఎందుకూ?"

"పరేడ్ ఎంత వేగంగా నడవాలో తేల్చేది కెప్టెన్ కాదండీ. నా డ్రమ్ము."

అమ్మాయి అతని వంక చూసింది. వాన పెద్దదైంది. ఇద్దరిలో ఎవరికీ ఇంటికి వెళ్ళాలని గుర్తు రాలేదు.

తన నడకకి తగ్గట్టే డ్రమ్ము మోగుతుందని విన్నాక వంట తాతయ్య కర్ర పట్టుకుని లేచాడు. ఆ తర్వాత సాయంత్రాలు సందులో ముగ్గురి నడకే. డ్రమ్మరు రేకు డబ్బా వాయించేవాడు, తాతయ్య నడిచేవాడు, అమ్మాయి ఇద్దరి మీదా అరిచేది. "అబ్బా, మళ్ళీ స్పీడు పెంచావ్!" అని ఒకరోజు ఆమె విసుక్కుంది. 'మీరు' పోయి 'నువ్వు' వచ్చినందుకు డ్రమ్మరు ఆ రాత్రంతా సంబరపడ్డాడు.

పరేడ్ రోజు వచ్చింది. మొదటి దెబ్బ పడింది. రెండోది ఎంతకీ పడలేదు. అందరికంటే ముందున్న కెప్టెన్ తాతయ్య ఎత్తిన కాలు గాల్లోనే ఉండిపోయింది. ఊపిరాడక ట్రంపెట్ల వాళ్ళు గుడ్లు తేలేశారు. కెప్టెన్ వెనక్కి తిరిగి ఉరిమి చూశాడు. అయినా డ్రమ్మరు వేగం పెంచలేదు. నాలుగో వరసలో ఒక చేతికర్ర తొణక్కుండా నడుస్తోంది మరి.

స్మారకం దగ్గర వంట తాతయ్య తన స్నేహితుడి పేరు మీద అరచెయ్యి ఆనించాడు.

"వచ్చాన్రా," అన్నాడు. ఎవరూ ఆయన్ని తొందరపెట్టలేదు. అమ్మాయి ఏడుస్తూనే నవ్వింది.

అందరూ చెదిరాక కెప్టెన్ మనవడి మీదికి వచ్చాడు. "నెమ్మదిగా కొట్టమని ఎవడు చెప్పాడ్రా నీకు?"

"నేనే తాతయ్యా. ఎవరూ చెప్పలేదు."

కెప్టెన్ అటూ ఇటూ చూసి, స్మారకం మెట్టు మీద చతికిలబడి మోకాలు పట్టుకున్నాడు. "ఎన్నేళ్ళ నుంచి చస్తున్నాన్రా దీంతో! ప్రెసిడెంటుని, నెమ్మదిగా నడుద్దామని ఏ మొహం పెట్టుకుని అడగను? ఇవాళే హాయిగా నడిచాను. ఇకమీదట ఇదే నడక, ఇదే ఆర్డరు!"

"నాదీ ఎడమ మోకాలే సార్," అన్నాడు వంట తాతయ్య.

"సారేంటయ్యా, రా, కూర్చో."

ఇద్దరూ మోకాళ్ళ ముచ్చట్లలో పడ్డారు. హమ్మయ్య అనుకుని డ్రమ్మరు డ్రమ్ము దించేసరికి అమ్మాయి ఎదురుగా నిలబడి ఉంది.

"ఒకటి అడగనా? నన్ను పెళ్ళి చేసుకుంటావా?"

అతని చేతిలో కర్రలు జారి కింద పడ్డాయి.

"తొందరేం లేదు," అంది ఆమె, ఎర్రబడ్డ ముఖం పక్కకి తిప్పుకుంటూ. "ఆలోచించుకునే చెప్పు."

"ఆలోచించేదేముంది! చేసుకుంటా!"

అరిచిన అరుపుకి బ్యాండంతా ఇటు తిరిగింది. "పర్లేదు, దీంట్లో మాత్రం చురుగ్గానే ఉన్నాడు," అన్నాడు కెప్టెన్. "ఏమయ్యా, మనవరాలిని ఇస్తావా?"

"అది ఎప్పుడో తీసేసుకుంది కదా సార్ మీవాణ్ణి!" అన్నాడు వంట తాతయ్య. ఏటా ఈ రోజున గేటు బయటే నిలబడి కళ్ళు తుడుచుకున్న ఆ మనిషి, స్నేహితుడి పేరు పక్కనే కూర్చుని కడుపారా నవ్వాడు.