ఏడో నంబరు క్యాసెట్టు

“ఆపండి! ఆ పెట్టె కిందికి దించండి! ఎవరినడిగి తీసుకెళ్తున్నారు?”

చిన్నమ్మాయి కేకకు పాత సామాన్లు కొనేవాడు బండి తోయబోతూ ఆగిపోయాడు. ఆసుపత్రిలో రక్తపరీక్షల విభాగంలో డ్యూటీ దిగి పుట్టింటి మీదుగా వెళ్దామని వచ్చిన మనిషి, చేతిసంచీ గేటు దగ్గరే వదిలేసి, బండి మీది అట్టపెట్టెను రెండు చేతులా కావలించుకుని లోపలికి తెచ్చి, దాని పక్కనే నేల మీద కూర్చుంది. పెట్టె నిండా క్యాసెట్లు! సగం వాళ్లమ్మ డిక్టేషన్ పాఠాలు, సగం వాళ్లక్క కొనుక్కుని విన్న పాటలు.

గుమ్మంలో నిలబడ్డ ఆమె తల్లి టీచరమ్మ ముఖం పాలిపోయింది. ముప్పై ఐదేళ్లు ఆ వీధిలో టైపూ షార్ట్‌హ్యాండూ నేర్పిన మనిషి. ఆవిడ చేతిలో రూళ్లకర్ర లేకపోయినా, కళ్లజోడు పైనుంచి ఒక్క చూపు చూస్తే చాలు, మిషన్ల చప్పుడు దానంతటదే ఆగిపోయేది. ఇప్పుడు నేర్చుకునేవాళ్లూ లేరు, ఆ చూపుకు భయపడేవాళ్లూ లేరు. నెలాఖరుకు స్కూలు మూసేస్తున్నారు. ముందు గదిలో పది టైపు మిషన్లూ గుడ్డలు కప్పుకుని వరసగా కూర్చున్నాయి.

“అక్క క్యాసెట్లమ్మా ఇవి! ఒక్క మాట... ఒక్క మాట నాకు చెప్పాలనిపించలేదా నీకు?”

“పాతవేగా తల్లీ... పాడైపోయుంటాయని...”

“పాడు చేసిన మనిషి అక్కడే కూర్చున్నాడుగా! ఆయన్నే అడుగు!”

ఆ మాట గదిలో మూలకు వెళ్లి తగిలింది. అక్కడ స్టూలు మీద కూర్చుని, తండ్రి ఒక మిషను అచ్చులను బ్రష్షుతో శుభ్రం చేస్తున్నాడు. మిషన్ల మెకానిక్కు ఆయన. అమ్మేసే మిషనుకు కూడా నూనె వేసే రకం. కూతురి మాటకు తల ఎత్తలేదు. ఇరవై రెండేళ్లుగా ఆయన తల ఎత్తలేదు. ఇరవై రెండేళ్లుగా ఆ పిల్ల ఆయన్ని నోరారా “నాన్నా” అని పిలవలేదు. “ఆయన”, “మీరు”... పరాయివాళ్లను పిలిచినట్టు!

పెద్దదానికి అప్పుడు పందొమ్మిది. ఇంట్లో దాన్ని పిడుగు అనేవారు. మరో ముగ్గురు స్నేహితురాళ్లను పోగేసి, వెనక గదిలో గిటారూ డ్రమ్ములూ పెట్టి రాక్ పాటలు పాడేది. మాటలు అదే రాసేది, బాణీ అదే కట్టేది. ఇంటి పైకప్పు లేచిపోయేలా పాడేది! ఆ పాటలు ఆరు ఒక క్యాసెట్టులో రికార్డు చేసుకుంది. ఒకరోజు చూసేసరికి దాని పాటల మీద వాళ్లమ్మ గొంతు డిక్టేషన్ చెబుతోంది. “నేనేనమ్మా... ఖాళీ టేపనుకుని మీ అమ్మకిచ్చాను, అది తెలియక రికార్డు చేసేసింది” అన్నాడు తండ్రి. అంతే, పిడుగు తండ్రితో మాట మానేసింది. అలిగిన పిల్ల నాలుగు రోజుల్లో దారికొస్తుందనుకున్నారు. నాలుగో రోజు జ్వరం వచ్చింది... పదకొండో రోజుకు పిల్ల లేదు! ఆయన బార్లీ నీళ్లు పట్టుకుని మంచం దగ్గరికి వెళితే, అంత జ్వరంలోనూ ముఖం గోడవైపు తిప్పేసుకుంది. అదంతా పన్నెండేళ్ల చెల్లెలు తలుపు పక్కన నిలబడి కళ్లారా చూసింది.

“చెరిపేశారు సరే, కనీసం ఒక్కసారైనా ఏడ్చారా మీరు? ఎన్నేళ్లొచ్చినా ఆ బ్రష్షూ ఆ నూనె డబ్బా! మీకు అసలు...”

“ఆపవే!” టీచరమ్మ గుమ్మం వదిలి ముందుకొచ్చింది. “ఆయన్ననకు... ఆయన్నేమీ అనకు. చెరిపింది నేను!”

తండ్రి చేతిలో బ్రష్షు ఆగింది. “ఎందుకే ఇప్పుడు...” అన్నాడు మెల్లగా.

“ఇప్పుడు కాకపోతే ఎప్పుడండీ? నేను పోయాకా?” అంటూ ఆవిడ పెట్టె ముందు కూలబడింది. అడుగుదాకా వెతికి ఏడో నంబరు వేసిన క్యాసెట్టు తీసి కూతురి ఒళ్లో పడేసింది. “చూడు... పై అంచు చూడు. మీ నాన్న దాని పాటలు ఎవరూ చెరపకూడదని అక్కడుండే చిన్న ప్లాస్టిక్ ముక్కలు విరిచేశాడు. విరిచేస్తే ఇంక రికార్డు కాదు. పొరపాటున చేద్దామన్నా కాదు! ఆ కన్నం మీద కాగితం అంటించి చేశాను నేను. చూశావా, ఎర్ర సిరా? ఈ ఇంట్లో ఎర్ర సిరాతో దిద్దేదెవరు?”

చిన్నమ్మాయి చూసింది. జవాబు కాగితం చింపి అంటించిన ముక్క... దాని మీద సగం తెగిన ఎర్ర గీత.

“మీ అక్క షార్ట్‌హ్యాండ్ పరీక్షలో తప్పింది. టీచరమ్మ కూతురే తప్పిందట అని బ్యాచి బ్యాచంతా నవ్వుకున్నారు. నా పరువంతా ఆ డ్రమ్ముల కింద పడి పచ్చడైపోయిందనిపించింది... కసితో చేశానే! తెలిసి, కూర్చుని, గొంతు సవరించుకుని మరీ చేశాను. అది ఏడుస్తూ వచ్చి అడిగితే నా నోరు పెగల్లేదు. ఈయన ముందుకొచ్చి తన నెత్తిన వేసుకున్నాడు. తల్లీ కూతుళ్లు విడిపోకూడదట! నాలుగు రోజుల్లో నేనే చెబుదామనుకున్నాను... అది నాలుగు రోజులిచ్చిందా? ఆ తర్వాత నీకు చెబితే నువ్వూ పోతావేమోనని భయం...”

చిన్నమ్మాయి కోపం తల్లి మీదికి మళ్లాలి, కానీ ఇరవై రెండేళ్లు ఒకవైపే ప్రవహించిన కోపం అంత తేలిగ్గా దారి మళ్లుతుందా! లేచి వెళ్లి బల్ల మీది టేప్ రికార్డరులో ఆ క్యాసెట్టు పెట్టింది.

“వద్దే!” అని టీచరమ్మ వంటింట్లోకి వెళ్లబోయింది. ఆ ఏడో నంబరు పాఠం మోగినప్పుడల్లా ఆవిడ వంటింట్లోకే వెళ్లేది. పారేస్తే ఎందుకని అడుగుతారు, ఉంచితే గొంతులో ముల్లు. చివర్లో ఏదో గోల వస్తోంది మేడమ్ అని పిల్లలు ఎన్నిసార్లు చెప్పినా వినిపించుకోలేదు. ఆ గోల ఏమిటో ఆవిడకు తెలియదా? తెలుసు. తెలిసే వినలేదు.

“నిలబడమ్మా. ఇవాళ విను.”

ముందు ఆవిడ గొంతే వచ్చింది, నలభై రెండేళ్ల వయసు గొంతు, తీరుగా, కటువుగా, ఎక్కడా తడబడకుండా. చిన్నమ్మాయి టేపును ముందుకు తిప్పుతూ పోయింది. “...కాబట్టి తమరు త్వరగా జవాబు పంపగలరు. ఇట్లు, తమ విధేయుడు.” టక్కుమని శబ్దం. ఒక్క క్షణం నిశ్శబ్దం...

గది అదిరింది! గిటారు, డ్రమ్ములు, వాటన్నిటినీ తోసుకుని పైకొచ్చిన పందొమ్మిదేళ్ల గొంతు! సగం పాట... చివరి సగం. గుడ్డలు కప్పిన మిషన్ల మధ్య ఆ పిల్ల నిలబడి పాడుతున్నట్టే ఉంది. టీచరమ్మ గోడ పట్టుకుంది. పాట ఆగింది, నలుగురు ఆడపిల్లల నవ్వు, తర్వాత రొప్పుతూ అదే గొంతు:

“నాన్నా, ఆగిందా? పాట అయ్యేదాకా మైకు పట్టుకునే నిలబడ్డావేంటి, చెయ్యి నొప్పెట్టలేదూ?”

“నా చేతికేం గాని... అమ్మ పాఠం అయిపోయే వేళయింది. ఇంకోసారి పాడు పిడుగూ, ఈసారి ఇంకా గట్టిగా!”

టేపు అయిపోయింది.

“నువ్వా?” అంది చిన్నమ్మాయి. ‘మీరు’ ఎప్పుడు జారిపోయిందో ఆమెకే తెలియదు. “రికార్డు చేసింది నువ్వా నాన్నా? నువ్వు చేసినదాన్నే నువ్వు చెరిపానని...”

తండ్రి కళ్లు తుడుచుకోలేదు, చేతులకు నూనె ఉంది మరి. “సాయంత్రం బ్యాచికి ఎప్పుడూ ఏడో నంబరే ఎందుకు పెట్టేవాణ్ణనుకున్నారు?” అన్నాడు. “మీ అమ్మ లోపలికి వెళ్లేది. పిల్లలు కాగితాలు సర్దుకునేవాళ్లు. ఆ కాసేపు అది నాతో మాట్లాడేది... చివరికి మాట్లాడకుండా పోయింది కదా. రోజూ నా చెయ్యి నొప్పెట్టిందా అని అడిగేది.”

టీచరమ్మ వచ్చి ఆయన కాళ్ల దగ్గర నేల మీద కూర్చుండిపోయింది. “ఇన్నేళ్లూ నాకు ఒక్క మాట చెప్పలేదేమండీ!”

“ఏం చెప్పమంటావ్? నువ్వు వినలేక పారిపోయేదానివి. పట్టుకుని వినిపించడానికి నాకు మనసొప్పలేదు.”

చిన్నమ్మాయి తండ్రి ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చింది. పన్నెండేళ్లప్పుడు ఏడవాల్సిందంతా ఇప్పుడు ఏడ్చింది. నూనె చెయ్యి తల మీద పడింది, ఆమె తీయనివ్వలేదు. చాలాసేపటికి తలెత్తి తల్లి వైపు చూసింది.

“క్షమించానని చెప్పలేనమ్మా... ఇవాళ చెప్పలేను. నాన్నని నా చేత ఎన్నెన్ని మాటలనిపించావు!”

“చెప్పొద్దు తల్లీ. నేను అడగను.” నిజంగానే అడగలేదు ఆవిడ. అడిగే హక్కు ఆ కాగితం ముక్క కింద ఎప్పుడో అంటుకుపోయింది.

తండ్రే గొంతు సవరించుకున్నాడు. “పోయిన పాటల మాటలు నాకు నోటికొచ్చు. మొదటిదైతే పూర్తిగా వచ్చు. నేను పోతే అవీ పోతాయి... రాసుకుంటావా?”

టీచరమ్మ లేచింది. నోటుబుక్కు తెచ్చుకుంది. పెన్సిలు చెక్కుకుంది. విద్యార్థుల బల్ల ముందు, విద్యార్థుల కుర్చీలో కూర్చుంది.

“తలుపులు మూసుకోండి...” అన్నాడాయన. పాడలేదు, పాట రాని గొంతుతో చదివినట్టు చెప్పాడు. “గడియ పెట్టుకోండి...”

“నేను గోడలోంచి వస్తాను,” అంది చిన్నమ్మాయి ఉలిక్కిపడి. పక్క గదిలో పడుకుని గోడకు చెవి ఆనించి విన్న పాట అది. తనకు గుర్తున్నట్టు తనకే తెలియదు!

“కొంచెం నెమ్మదిగా చెప్పండి,” అంది టీచరమ్మ. నిమిషానికి నూట ఇరవై మాటలు రాసే చెయ్యి, మూడు మాటల దగ్గరే ఆగిపోయింది.

ఆయన చెబుతూ పోయాడు. ఆయన తడబడినచోట కూతురు అందుకుంది. ఆవిడ ఒక్క గీత తప్పకుండా రాసుకుంది. రెండో చరణంలో ఒక వాక్యం మాత్రం ఎంత తన్నుకులాడినా ఇద్దరికీ గుర్తు రాలేదు. ఇద్దరూ ఆవిడ వైపు చూశారు. ఆవిడ ఆ పాట ఒక్కసారైనా విని ఉంటే కదా!

తల వంచుకుని, ఆ వరస ఖాళీగా వదిలి, “తర్వాతది చెప్పండి” అంది.