ఎగిరిపోయిన గుడి

“పిల్లని ఆదివారం పంపించేద్దాం బాబూ. దానికి మాత్రం ముందే చెప్పకు. ఏడ్చి ఇల్లు పీకి పందిరేస్తుంది.”

వంటింటి గుమ్మం దాకా వచ్చిన పెద్దాయన అక్కడే ఆగిపోయాడు. చేతిలో ఖాళీ కాఫీ కప్పు. లోపల ఆయన భార్య, అల్లుడు సింకు దగ్గర తలలు దగ్గరగా పెట్టుకుని గుసగుసలాడుతున్నారు. కుళాయి ధారగా పడుతోంది. ఆ హోరులోంచి ఆయన చెవి ఏరుకున్న మాటలవి.

“మా అక్కయ్య సరేనంది అత్తయ్యగారూ. వాళ్ళకి పెరడుంది. నాలుగు రోజుల్లో అలవాటు పడిపోతుంది,” అన్నాడు అల్లుడు.

“అలవాటు పడితే మంచిదే, పడకపోయినా ఇక్కడొద్దు. దాన్ని చూస్తుంటే నాకు గుండె దడ.”

ఆ మాటతో పెద్దాయన గుండె కూడా దడదడలాడింది. ఈ ఇంట్లో పిల్ల అంటే ఒక్కతే, తన ఒక్కగానొక్క కూతురు. పెళ్ళయిన ఏడేళ్ళకి కడుపు పండి, ఇప్పుడు నెలలు నిండుతున్న పిల్ల. దాన్ని చూస్తే కన్నతల్లికి దడా? కట్టుకున్నవాడి అక్కగారి పెరట్లో అలవాటు పడాలా? కప్పు బల్ల మీద పెట్టబోయి గాలిలో పెట్టేశాడు. అది భళ్ళుమంది. ఆ చప్పుడు మాత్రం ఆయనకి స్పష్టంగానే వినపడింది.

ఆయన చెవుల సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. పెద్దాయన ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్ది రిటైరయిన మనిషి. కూర్చునే బల్లకి, అచ్చు యంత్రానికి మధ్య ఒక చెక్క తడిక. కళ్ళ ముందు అచ్చులు, వేలి కింద హల్లులు, చెవుల నిండా హల్‌చల్. ఒత్తు జారితే ఆయనకి ఒత్తిడి, దీర్ఘం తప్పితే దీర్ఘమైన నిట్టూర్పు. ఇక ఏ అక్షరానికైనా గుడి ఎగిరిపోయిందంటే ఆయన ఎర్ర పెన్ను గుడి గంటలా మోగేది. అలా కళ్ళు పదునెక్కినంత కాలమూ చెవులు మొద్దుబారుతూ వచ్చాయి. చెవి మిషను ఉంది. కూతురు కొనిచ్చింది. అది ఎప్పుడూ చొక్కా జేబులోనే ఉంటుంది.

“చెవిలో ఉండాల్సింది జేబులో ఉంటే ఎలా నాన్నా?” అంటుంది కూతురు.

“గుండెకి దగ్గరగా పెట్టుకున్నా. నువ్విచ్చింది కదా,” అంటాడాయన.

ఆ కూతురు కళ్ళజోళ్ళ దుకాణంలో పని చేస్తుంది. వచ్చినవాళ్ళందరి చూపూ సరిచేసే మనిషికి కన్నతండ్రి వినికిడి మాత్రం కొరుకుడు పడలేదు. దుకాణానికి సెలవు పెట్టి ఇప్పుడు రోజంతా ముందు గదిలో కిటికీ పక్కన వాలుకుర్చీలో ఉంటోంది.

పెద్దాయన కప్పు ముక్కలు అక్కడే వదిలేసి ఆ గదిలోకి పరిగెత్తాడు.

కూతురు కుర్చీలో ఉంది. కూతురి పొట్ట మీద పిల్లి ఉంది. దాని పేరు ఇన్‌స్పెక్టరమ్మ. ఇంట్లోకి ఏ సంచీ వచ్చినా, ఏ పెట్టె వచ్చినా ముందు అది తల దూర్చి తనిఖీ చేయాల్సిందే. కుర్చీ కింద ముసలి కుక్క, పేరు గుమాస్తా. ఇన్‌స్పెక్టరమ్మ ఎటు వెళ్తే అటు తలవంచుకుని వెనకాలే వెళ్ళే ఉద్యోగం దానిది.

“బుజ్జీ, ఆదివారం నువ్వెక్కడికీ వెళ్ళకు,” అన్నాడు పెద్దాయన ఆయాసపడుతూ.

“ఎక్కడికెళ్తాను నాన్నా? కుర్చీలోంచి లేవడానికే నాకు లిఫ్టు కావాలి. మీ అల్లుడు ఊరందరి లిఫ్టులూ బాగుచేస్తాడు, పెళ్ళాన్ని పైకి లేపడానికి మాత్రం తీరిక లేదు.”

“ఎవరు రమ్మన్నా వెళ్ళకు!”

“సరే, వెళ్ళను. ఇదిగో చూడు, చూడు!”

పొట్ట మీద చీర మడత చిన్నగా కదిలింది. పిల్లి తల ఎత్తలేదు. చెవి ఒక్కటే ఆ కదలిక వైపు తిప్పింది. మసకగా పడిన ప్రూఫుని ఒకప్పుడు ఆయన చదివినట్టే, అక్షరం అక్షరం కూడబలుక్కుంటున్నట్టు ఉంది దాని మొహం. పెద్దాయన తన కంగారు మరిచిపోయి అలా చూస్తూ ఉండిపోయాడు.

“ఇది ఎక్కి పడుకుంటే చాలు, లోపల సందడి మొదలవుతుంది. అదేమిటో, అమ్మ చెయ్యి పెడితే మాత్రం కిక్కురుమనదు. అమ్మ చిన్నబుచ్చుకుని వెళ్ళిపోతోంది పాపం,” అంది కూతురు.

‘చిన్నబుచ్చుకుని నిన్నే సాగనంపుతోంది తల్లీ,’ అనుకున్నాడాయన, పైకి అనలేక.

ఆ రోజు నుంచి ఆయన వాకింగు మానేశాడు. వీధి తలుపుకి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పాలవాడిని కూడా ఎగాదిగా చూసి గానీ లోపలికి రానివ్వలేదు. ఇంట్లోవాళ్ళు నిద్రపోతున్న ఒక మధ్యాహ్నం కూతురి సూట్‌కేసు తీసి బీరువా వెనక్కి తోశాడు. కూతురి చెప్పుల జత తన పాత పుస్తకాల అట్టపెట్టెలో దాచేశాడు. చెప్పులు లేకుండా ఎలా పంపిస్తారో చూస్తానన్నది ఆయన ధీమా. చెప్పుకోలేని బాధని మనిషి చెప్పులతోనైనా ఆపాలనుకుంటాడు మరి.

ఆదివారం వచ్చింది. కూతురు స్నానానికి వెళ్ళింది. అదే అదనుగా అల్లుడు కారు తాళాలతో, చేతిలో ఓ మూత బుట్టతో ముందు గదిలోకి వచ్చాడు. వెనకాలే అత్తగారు.

“బుట్ట సరిపోతుందా బాబూ?”

“ఎందుకు సరిపోదు అత్తయ్యగారూ, లోపల తువ్వాలు కూడా పరిచాను.”

పెద్దాయన లేచి నిలబడ్డాడు. అల్లుడి మీద ఏనాడూ గొంతు ఎత్తని మనిషి, ఇల్లంతా అదిరేలా అరిచాడు. “దాన్ని ఎవరూ ఎక్కడికీ తీసుకెళ్ళడానికి వీల్లేదు!”

పెద్దావిడ ఉలిక్కిపడింది. “ఈయనకెలా తెలిసింది?”

“నాకు చెవులున్నాయి!”

“ఎప్పట్నుంచి?”

“వెటకారాలొద్దు. అది ఈ ఇంట్లోనే ఉంటుంది.”

“అది ఇక్కడుంటే బిడ్డకి ప్రమాదమండీ!”

“అది లేకుండా బిడ్డెలా వస్తుందే?”

ఈ ప్రశ్నకి అత్తాఅల్లుళ్ళిద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. అల్లుడు సర్దిచెప్పబోయాడు. “మావయ్యగారూ, శాశ్వతంగా కాదు. డెలివరీ అయ్యి కాస్త కుదుటపడ్డాక మళ్ళీ తెచ్చుకుందాం. అక్కయ్య బాగా చూసుకుంటుంది. రెండు పూటలా గిన్నెలో పాలు పోస్తుంది.”

“గిన్నెలో పాలా! నీ అక్కయ్యకి కంచాలు లేవుటయ్యా?”

“దానికి కంచమెందుకండీ?” అంది పెద్దావిడ. “అసలు మీరు దాన్ని వెనకేసుకురావడమేమిటి? సోఫా అంతా గోళ్ళతో గీరేసిందా లేదా?”

“గోళ్ళు నేను కత్తిరిస్తాను!”

“మొన్న పొద్దున చచ్చిన ఎలకని తెచ్చి నా చెప్పులో పెట్టింది!”

పెద్దాయన ఒక్క క్షణం తడబడ్డాడు. కడుపుతో ఉన్నవాళ్ళకి రకరకాల కోరికలు పుడతాయని విన్నాడు గానీ, ఇలాంటిది వినలేదు. “మన పిల్లేనా?”

“పిల్లే! పిల్ల కాకపోతే మీరా?”

ఇందులో ఆవిడ నిజానికి అన్నది ‘పిల్లి కాకపోతే’. ఆయన చెవి దాన్ని తనకి అలవాటైన అచ్చులోనే పోసుకుంది.

“పెట్టనీ! ఎలకని పెట్టినా, ఏనుగుని పెట్టినా అది నా పిల్ల! నేను బతికుండగా దాన్ని బుట్టలో పెట్టి...” అని బుట్ట వైపు చూశాడు. బుట్ట మరీ చిన్నది. ఆయన మొహంలో మొదటిసారి అనుమానం కదిలింది.

అప్పుడే స్నానాల గది తలుపు తెరుచుకుంది. తల తుడుచుకుంటూ కూతురు గుమ్మంలో నిలబడింది. బుట్ట, తువ్వాలు, కారు తాళాలు, మొగుడి మొహం వరసగా చూసింది. చూపు సరిచేసే మనిషి కదా, క్షణంలో చదివేసింది.

“ఇన్‌స్పెక్టరమ్మని పంపించేస్తున్నారా? నాకు తెలియకుండా?”

పెద్దాయన బుర్రలో ఎక్కడో ఓ ఎర్ర పెన్ను టక్కున మోగింది.

“బుజ్జీ, అది కాదు...” అల్లుడు బుట్టని కింద పెట్టి కాళ్ళ వెనక దాచబోయాడు.

“నేను లేచి వెతుక్కునేదాకా ఆగేవాళ్ళా? దూకి పారిపోయిందని అబద్ధం చెప్పేవాళ్ళా?” ఆమె తల్లి వైపు తిరిగింది. “ఏడేళ్ళు, ప్రతి నెలా నేను ఏడ్చినప్పుడు నా ఒళ్ళోకి వచ్చి కూర్చున్నది అదమ్మా. మీరందరూ ఏం మాట్లాడాలో తెలియక పక్క గదిలోకి వెళ్ళిపోయేవాళ్ళు. అది వెళ్ళలేదు.”

పెద్దావిడ కుర్చీలో కూలబడింది. ఇన్నాళ్ళూ కోపంలా కనబడిందంతా కన్నీళ్ళయి బయటికొచ్చింది.

“నాకు భయమే తల్లీ! పక్కింటావిడ ఏవేవో చెప్పింది. పిల్లి పసివాళ్ళ మీద పడుకుంటుందట, ఊపిరాడదట. పైగా నేను చెయ్యి పెడితే లోపల ఒక్కసారైనా కదలదు. అది మీద పడుకుని నొక్కేస్తోందేమో, నాకు ఎవరూ నిజం చెప్పట్లేదేమో అని రోజూ చస్తున్నాను. ఏడేళ్ళ తర్వాతమ్మా. ఇప్పుడేమన్నా అయితే నువ్వు తట్టుకోగలవా? నేను తట్టుకోలేను.”

కూతురు నెమ్మదిగా వచ్చి తల్లి పక్కనే తన వాలుకుర్చీలో కూర్చుంది.

“నన్ను అడగొచ్చు కదమ్మా. నేను డాక్టరమ్మని అడిగాను. పిల్లి దొడ్డికెళ్ళే ఇసుక డబ్బా నువ్వు ముట్టుకోకు, కడగకు అంది. ఆ పని నీ అల్లుడే చేస్తున్నాడు, ముక్కు మూసుకుని. బిడ్డ పుట్టాక ఉయ్యాల ఉన్న గది తలుపు వేసి ఉంచమంది. బిడ్డనీ పిల్లినీ ఒకచోట ఒంటరిగా వదలొద్దంది. అంతేనమ్మా.”

ఇంతలో బుట్ట మూత పైకి లేచింది. అల్లుడి కాళ్ళ వెనక, అందరూ ఏడుస్తున్న అదనులో ఇన్‌స్పెక్టరమ్మ తనంతట తానే బుట్టలో దూరి తనిఖీ పూర్తి చేసింది. తువ్వాలు నచ్చలేదు కాబోలు, బయటికి దూకింది. గుమాస్తా తోక ఆడిస్తూ వెనకాలే నడిచాడు. ఎవరి అనుమతీ అడక్కుండా పిల్లి కుర్చీ ఎక్కి, గుండ్రంగా తిరిగి, పొట్ట మీద తన చోట్లో తాను సర్దుకుంది.

కూతురు తల్లి చెయ్యి అందుకుంది. ఆవిడ వెనక్కి లాక్కోబోయింది.

“వద్దే. నేను పెడితే కదలదు.”

“ఈసారి దీని కింద పెట్టు.”

పిల్లి వెచ్చని కడుపు కింద, కూతురి కడుపు పైన, రెండు ప్రాణాల మధ్య పెద్దావిడ అరచెయ్యి ఇరుక్కుంది. పై నుంచి సన్నని వణుకు ఆ చేతిలోకి దిగుతోంది. అందరూ ఊపిరి బిగబట్టారు. గుమాస్తా కూడా తోక ఆపేశాడు.

అప్పుడు కింది నుంచి ఒక తన్ను.

పెద్దావిడ కళ్ళు అలా పెద్దవయ్యాయి. ఇంకో తన్ను. ఈసారి పిల్లి కూడా తలెత్తి, తనకి ఎప్పట్నుంచో తెలిసిన రహస్యం ఈవిడకి ఇప్పుడు తెలిసిందా అన్నట్టు చూసింది.

“తంతోందండీ,” అంది పెద్దావిడ, పెదవులు మాత్రమే కదిలేలా. “మనల్ని పలకరిస్తోందండీ.”

పెద్దాయనకి ఆ మాట వినపడలేదు. పెదవుల మీద చదువుకున్నాడు. జేబులోంచి చెవి మిషను తీశాడు. చెవిలో పెట్టుకున్నాడు.

గుర్ర్... గుర్ర్... గుర్ర్...

“ఏమిటా చప్పుడు? ఫ్రిజ్జా?”

“పిల్లి, నాన్నా. ఏడేళ్ళుగా ఇలాగే అంటోంది.”

ఏడేళ్ళు దాన్ని మూగదనుకున్నాడాయన. ఇప్పుడు కళ్ళు మూసుకుని విన్నాడు. చెక్క తడిక అవతల యంత్రం తిరుగుతున్న చప్పుడు. అదే లయ. కూతురి కడుపులో ఓ కొత్త పుస్తకం అచ్చవుతోంది. ఒక్క ప్రూఫు కూడా ఎవరి చేతికీ ఇవ్వకుండా, వేళ్ళకి వేళ్ళూ, కళ్ళకి కళ్ళూ, ఏ తప్పూ లేకుండా పేర్చుకుంటోంది. జీవితమంతా అచ్చులో తప్పులు పట్టిన మనిషి ఆ అచ్చు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆ గది గుడిలా నిశ్శబ్దంగా ఉంది.

“బుట్ట కారులో పడెయ్యి బాబూ,” అంది పెద్దావిడ కళ్ళొత్తుకుంటూ. “ఖాళీదే.”

అల్లుడు పిల్లి తల నిమిరి, భార్య మొహంలోకి చూడలేక, “సారీ బుజ్జీ. దీని డబ్బా నేను కడుగుతాను, జన్మంతా,” అన్నాడు.

“అదంతా సరే,” కూతురు కళ్ళు తుడుచుకుని తండ్రి వైపు తిరిగింది. “నాన్నా, పిల్లిని పంపుతారని నీకు తెలిస్తే నా చెప్పులెందుకు మాయమయ్యాయి? పొద్దున అట్టపెట్టెలో కనిపించాయి. సూట్‌కేసు బీరువా వెనకుంది.”

మూడు మొహాలు, నాలుగు చెవులున్న రెండు జంతువులూ ఆయన వైపు తిరిగాయి. పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.

“మీ అమ్మ ‘పిల్లిని పంపించేద్దాం’ అంది. నాకు ‘పిల్లని’ అని వినపడింది. నిన్నే పంపించేస్తున్నారనుకున్నా. అందుకే చెప్పులు దాచా.”

అల్లుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. “అందుకా మావయ్యగారూ, గిన్నెలో పాలు అంటే అంత కోపమొచ్చింది!”

“గోళ్ళు కత్తిరిస్తానని నువ్వరిచింది స్నానాల గదిలోకి వినపడింది. అవి నా గోళ్ళా నాన్నా?” కూతురు నవ్వుతూ ఏడుస్తోంది. నవ్వుకి పొట్ట ఊగుతుంటే ఇన్‌స్పెక్టరమ్మ పడవలో ప్రయాణికురాలిలా కాళ్ళు నిలదొక్కుకుంది.

“దేవుడా! ఎలకని చెప్పులో పెట్టింది నా కూతురనుకున్నారా!” పెద్దావిడ నుదురు కొట్టుకుంది. “బతుకంతా ఊళ్ళోవాళ్ళ అక్షరాలకి గుడులు పెట్టారు. ఇంట్లో పెళ్ళాం మాటలో గుడి మాత్రం ఎగరగొట్టేశారు!”

“ఎగిరిపోయింది నిజమే,” అన్నాడు పెద్దాయన. చెవి మిషను ఇంకాస్త లోపలికి నొక్కుకుని, పిల్లి మీద ఒక చెయ్యి, పిల్ల తల మీద ఒక చెయ్యి పెట్టాడు. “ఇదిగో, ఇక్కడ వాలింది.”