పిల్లి పేరుంది, తల్లి పేరు లేదు

ఉదయం ఎనిమిదింటికి, ఇంకా గ్రిట్స్ అనే మొక్కజొన్న జావ గిన్నె పొయ్యి మీద నుంచి దించకముందే, ఎర్లీన్ పెటిఫోర్డ్ ముగ్గురు నటుల పరువు తీసేసింది.

"ఇది విను లయనెల్," అంది కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని. "బ్రాడీ విట్‌లాక్. 'జాజ్ నా రక్తంలోనే ఉంది' అట. వెర్మాంట్‌లో పుట్టాడు. అక్కడ ఆవులూ మంచూ తప్ప ఏముంటాయి? ఈయన రక్తంలోకి జాజ్ ఎట్లా వచ్చిందో, పాలల్లో కలిపి తాగించారేమో!"

అల్లుడు లయనెల్ నోట్లో బిస్కట్ పెట్టుకుని నవ్వాడు. రాత్రంతా సబ్‌వే రైలు నడిపి అప్పుడే ఇంటికొచ్చాడు. అత్తగారి నోరు వింటే అతనికి అలసట తీరిపోతుంది.

"హీరోయిన్ సంగతేంటి మిస్ ఎర్లీన్?"

"సెలెస్టీన్ ఆర్మండ్. టీవీ సీరియల్లో ఏడేళ్ళు నర్సు వేషం వేసింది. సూది పొడవడం వచ్చినావిడకి పాట రాకుండా పోతుందా అనుకున్నట్టున్నారు. ఇంక ఈ డెట్రాయిట్ కుర్రాడు, 'ట్యాప్ డాన్స్ నేను వీధుల్లో నేర్చుకున్నాను.' ఏ వీధి నాయనా? వాళ్ళ నాన్న పళ్ళ డాక్టరు. క్లాసు గుమ్మం ముందు కారులో దింపేవాడు. విల్మా చెప్పింది నాకు."

విల్మా అంటే ఇప్పటికీ నాటకశాలలో బట్టల గదిలో పనిచేసే ఎర్లీన్ పాత స్నేహితురాలు. ఎవరు ఎక్కడ పుట్టారో, ఎవరి జుట్టు సొంతమో, ఎవరిది కాదో ఆవిడకి తెలియంది లేదు. ఎర్లీన్ కూడా ఇరవయ్యారేళ్ళు అదే పని చేసింది. పాటకీ పాటకీ మధ్య చీకట్లో నటుల బట్టలు విప్పి, కొత్తవి తొడిగి, మళ్ళీ దీపాల్లోకి తోసే డ్రెస్సర్ పని. మనిషిని లోపలి బట్టల్లో చూశాక గౌరవం ఇవ్వడం కష్టమని ఆవిడ నమ్మకం. కానీ అంతకుముందు తనూ నాట్యం చేసింది కదా, లెనాక్స్ స్ట్రట్ అనే షోలో, పద్దెనిమిది మంది అమ్మాయిల వరసలో! ఆ మాట కూతురికీ తెలుసు, వీధికీ తెలుసు, చర్చిలో ప్రతి ఆడమనిషికీ తెలుసు.

ఇప్పుడామె చేతిలో ఉన్నవి కూతురు ఒడెట్ నటిస్తున్న కొత్త జాజ్ షో ప్రోగ్రాం పుస్తకానికి ప్రూఫులు. ఒక్కో నటుడికీ ఒక్కో పరిచయం, యాభై మాటలకి మించకూడదు, ఎవరిది వాళ్ళే రాసుకోవాలి. పద్నాలుగేళ్ళు ఆడిషన్ల చుట్టూ తిరిగాక, ముప్పయ్యారో ఏట ఒడెట్‌కి న్యూయార్క్ పెద్ద నాటకశాలల్లో, అంటే బ్రాడ్‌వేలో, ఇదే మొదటి షో. తప్పులేమైనా ఉంటే ఇవాళ పన్నెండింటిలోపు చెప్పాలి, ఆ తర్వాత అచ్చుకి పోతుంది. గురువారం మొదటి ఆట. ఆ ఆటకి చర్చి నుంచి నలభై మంది ఆడవాళ్ళు టోపీలు పెట్టుకుని వస్తున్నారు. "పుస్తకంలో నా పేరు వెతుక్కోండి," అని ఎర్లీన్ పోయిన ఆదివారమే వాళ్ళందరికీ చెప్పేసింది.

ఆవిడ పేజీ తిప్పింది. పెదాలు కదిలాయి. మళ్ళీ మొదటి నుంచి చదివింది.

"ఒడెట్!"

స్నానాల గదిలోంచి ఒడెట్ తలకి తువ్వాలు చుట్టుకుని వచ్చింది. "ఏంటమ్మా?"

"బోస్టన్‌లో నాట్యం చదివిన కాలేజీ ఉంది. ఊరూరా తిరిగిన షోలు నాలుగూ ఉన్నాయి. నీ ఏజెంటు ఉన్నాడు. 'నా కుటుంబానికీ, నా పిల్లి బిస్మార్క్‌కీ ప్రేమతో' అని ఉంది. నేనెక్కడున్నానే?"

"కుటుంబానికి అని రాశాగా."

"ఆహా! కుటుంబం! ఫ్రిజ్జు కూడా అందులోదేనా? పిల్లి పేరుంది, తల్లి పేరు లేదు! ఆ పిల్లి నేర్పిందా నీకు అడుగులు? ఈ వంటింట్లో, ఇదే నేల మీద, కింద ఇంటివాళ్ళు చీపురుకర్రతో పైకప్పు పొడుస్తుంటే నీ మడమలు పట్టుకుని నేర్పిందెవరు, బిస్మార్కా?"

"అమ్మా, ప్లీజ్, నాకు రిహార్సల్ ఉంది."

"ఉంటుందిలే. పెద్దదానివైపోయావు. ఆ పాల రక్తం వాడి పక్కన నిలబడ్డావుగా, వంటింటి తల్లి గుర్తుండదు. సిగ్గుగా ఉందని చెప్పెయ్. బట్టల గది మనిషి అని సిగ్గు."

"సిగ్గు కాదమ్మా."

"మరేంటి? యాభై మాటల్లో రెండు మాటలు దొరకలేదా? నీకంటే ఆ పళ్ళ డాక్టరు కొడుకు నయం, వాళ్ళమ్మ పేరు రాశాడు!"

ఒడెట్ తువ్వాలు ఊడి భుజం మీద పడింది. ఆమె తీసుకోలేదు. లయనెల్ వంక చూసింది. అతను బిస్కట్ పళ్ళెంలో పెట్టేసి మెల్లగా అన్నాడు. "చెప్పెయ్ ఒడెట్. వారం రోజులుగా ఒక్కదానివే మోస్తున్నావు."

"నువ్వు ఊరుకో లయనెల్."

"ఏంటి మోసేది?" అంది ఎర్లీన్. "ఏం మోస్తోందిరా ఈ మహారాణి?"

ఒడెట్ కుర్చీ లాక్కుని తల్లి ఎదురుగా కూర్చుంది. "రాశానమ్మా. మొదట పంపిన దాంట్లో మొదటి వాక్యమే నువ్వు. 'లెనాక్స్ స్ట్రట్‌లో నాట్యం చేసిన ఎర్లీన్ పెటిఫోర్డ్ కూతురు' అని రాశాను. ప్రచారం ఆఫీసువాళ్ళు ఊరికే వేయరు కదా, ప్రతి షో పేరూ సరిచూస్తారు. ఆ షో పాత పుస్తకం తెప్పించారు. పద్దెనిమిది మంది పేర్లున్నాయి. నువ్వు లేవమ్మా."

ఎర్లీన్ చేతిలోని ప్రూఫులు బల్ల మీద పెట్టేసింది.

"వాళ్ళ మొహం," అంది ఎర్లీన్. "ఆ రోజుల్లో అచ్చువాళ్ళు సగం తాగుబోతులు."

"మధ్యలో మనుషులు మారితే పుస్తకంలో పెట్టే చీటీలు కూడా ఉన్నాయట. రెండేళ్ళవీ చూశారు."

"ఆ ఆఫీసు పిల్లలకి ఏం తెలుసే? పాలపళ్ళు ఊడని వెధవలు నన్ను..."

జీవితంలో మొదటిసారి ఎర్లీన్ పెటిఫోర్డ్‌కి తిట్టు దొరకలేదు. ఆవిడ లేచి పొయ్యి ఆపి, వాళ్ళకి వీపు చూపిస్తూ అక్కడే నిలబడిపోయింది.

"ఫిలడెల్ఫియాలో తీసేశారు," అంది చివరికి. "న్యూయార్క్ రాకముందు అక్కడ ఆడించి చూసేవాళ్ళు. ఇంకా పదకొండు రోజులుంది మొదటి ఆటకి. డైరెక్టరు వరసంతా చూసి, 'ఒకమ్మాయి ఎక్కువైంది' అన్నాడు. నా పేరు కూడా పిలవలేదు. వేలు చూపించాడంతే."

"అమ్మా..."

"ఇంటికి ఏ మొహం పెట్టుకుని రాను? మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే బట్టల గది పెద్దావిడ వచ్చి, కుట్టడం వచ్చా అని అడిగింది. వచ్చన్నాను. రెండేళ్ళు, ఒడెట్! నా చోట్లోకి జరిగిన పిల్లకి నేనే బూట్ల బకిల్ పెట్టాను. రెండో పాటకీ మూడో పాటకీ మధ్య ఇరవై రెండు సెకన్లు. దాన్ని దీపాల్లోకి తోసి, చీకట్లో నిలబడి, నా అడుగులు అది వేస్తుంటే చూశాను. ఎడమ మడమ ఎప్పుడూ ఆలస్యం దానికి. ఎప్పుడూ!"

లయనెల్ తల దించుకున్నాడు. ఒడెట్ కుర్చీ తల్లి వైపు తిప్పుకుంది. "మరి నాకెందుకు అట్లా చెప్పావు?"

"నేనెక్కడ చెప్పానే? నీకు ఐదేళ్ళప్పుడు నేను వరసలో ఉన్న ఫిలడెల్ఫియా ఫోటో దొరికింది. బడికి పట్టుకెళ్ళి 'మా అమ్మ బ్రాడ్‌వే డాన్సరు' అని అందరికీ చూపించొచ్చావు. ఎగురుకుంటూ వచ్చావు. ఆ మొహం చూసి ఏమని చెప్పను, కాదు తల్లీ, మీ అమ్మ ఎక్కువైన పిల్ల అని? రేపు చెబుదాం అనుకున్నాను. ముప్పయ్యొక్క ఏళ్ళు రేపు రేపు అనుకున్నాను."

ఆవిడ బల్ల దగ్గరికొచ్చి ప్రూఫుల వంక చూసింది. ఇట్లాంటివాళ్ళ పరిచయాలు ఒక్కొక్కటిగా చదివి ఉమ్మేస్తూ వచ్చింది ఇన్నేళ్ళూ. వెర్మాంట్ అయితేనేం, పళ్ళ డాక్టరు అయితేనేం, వాళ్ళకి ఆ నాలుగు లైన్లు ఉన్నాయి, తనకి లేవు. మంటంతా అదే. ఆ సంగతి తెలుసుకోవడానికి డెబ్బయ్యొక్క ఏళ్ళు పట్టిందనుకుంటే ఆవిడకి తన మీదే ఛీ అనిపించింది. పైగా అబద్ధం రాసిన ఈ పిల్లలందరికంటే పెద్ద అబద్ధం ఆడింది తను. అది బయటపడినా కూతురు వారం రోజులు నోరు కట్టేసుకుని, పిల్లి పేరు రాసిందన్న మాట పడింది.

"నన్ను తిట్టవేమే?" అంది, కళ్ళు తుడుచుకోకుండానే.

"నీ దగ్గర్నుంచి అదొక్కటీ నేర్చుకోలేదు," అంది ఒడెట్. నవ్వబోయి ఏడ్చేసింది. తల్లి నడుం చుట్టూ చేతులు వేసి, పొట్టకి తల ఆనించింది. ఎర్లీన్ ఆ తడి జుట్టు మీద చెయ్యేసి చాలాసేపు అలాగే ఉంది.

గడియారంలో తొమ్మిది దాటింది.

"పెన్ను తీయి," అంది ఎర్లీన్. "'మా అమ్మ ఎర్లీన్ పెటిఫోర్డ్, డ్రెస్సర్, నాకు మొదటి గురువు.' అంతే. ఇంకేం కలపకు."

"చర్చి వాళ్ళు చదువుతారమ్మా."

"చదవనీ. వాళ్ళలో సగం మందికి కళ్ళజోడు మార్చాల్సిన వేళయింది."

"యాభై దాటుతోంది. బోస్టన్ కొట్టేస్తాను."

"చెయ్యి విరుగుతుంది! ఆ చలిలో నాలుగేళ్ళు కాళ్ళు పగలగొట్టుకున్నావు. పిల్లిని తీసెయ్. దానికి చదువు రాదు."

లయనెల్ ఫోను కలిపి స్పీకరు మీద పెట్టాడు. ప్రచారం ఆఫీసులో ఇంగ్రిడ్ అనే అమ్మాయి ఎత్తింది. ఒడెట్ కొత్త వాక్యం చదివింది. అవతల కీబోర్డు టకటకలాడింది. "ఒక్క నిమిషం, సరిచూడాలి," అంది ఇంగ్రిడ్.

ఎర్లీన్ కుర్చీ వీపు గట్టిగా పట్టుకుంది. మళ్ళీ అదే వరస, మళ్ళీ ఎవడో వేలు చూపించబోతున్నట్టు.

"దొరికింది," అంది గొంతు. "పాత పుస్తకాల చివరి పేజీలో, సిబ్బంది పేర్ల దగ్గర. ఎర్లీన్ పెటిఫోర్డ్. లెనాక్స్ స్ట్రట్ మొదటి రాత్రి నుంచి ఆఖరి రాత్రి దాకా ఉన్నారు. ఆ తర్వాత... నాలుగు, ఆరు... మొత్తం తొమ్మిది షోలు. అయ్యో, ఒడెట్, మీ షోలో నటులెవరికీ ఇన్ని లేవు! ఆవిడ మీ అమ్మగారా?"

"అవును," అంది ఒడెట్. "మా అమ్మే."

ఎర్లీన్ ఏప్రన్‌తో ముక్కు చీదుకుని, ఫోను మీదికి వంగింది.

"వాళ్ళకెక్కడివమ్మా తొమ్మిది!" అంది.