రెండో గుండీ

వాడికెలా తెలుస్తోంది? ఆ పిల్ల ఫోను మార్చింది, నంబరు మార్చింది, బడికి వెళ్ళే దారి మార్చింది. అయినా ఎక్కడికి వెళితే అక్కడ ముందే నిలబడి ఉంటాడు. నవ్వుతాడు.

ఒళ్ళో తెల్లచొక్కా ఉంది, రెండో గుండీ లేదు. అమ్మ కుట్టుషాపులో గుండీల పని ఆ పిల్లదే. "గుండీల అబ్బాయి మళ్ళీ ఇచ్చి వెళ్ళాడే! వారంలో మూడోది. రొమ్ము విరుచుకుని తిరుగుతాడో ఏమో," అని అమ్మ నవ్వుతూ గోడమీది పలక అందుకుంది. మాట తప్పే షాపు కాదని అమ్మకి గర్వం. ఏ పని ఎప్పటికి అవుతుందో, ఆలస్యమైతే ఎందుకో, సుద్దతో అందరికీ కనపడేలా రాస్తుంది.

పదిహేడేళ్ళ ఆ పిల్లకి నవ్వు రాలేదు. తలెత్తితే ఎదురు మేడమీద డిటెక్టివ్ బోర్డు. రెండేళ్ళుగా చూస్తున్నదే. చేతిలో చొక్కాతోనే రోడ్డు దాటేసింది.

డిటెక్టివ్ జుట్టు నెరిసిన స్త్రీ. పక్కనే, ఆవిడ దగ్గినా రాసుకునే అసిస్టెంటు.

"ఎవరికమ్మా భయపడుతున్నావు?"

"నేనింకా ఏం చెప్పలేదు కదా!"

"కుర్చీ గోడకి జరుపుకున్నావు. తలుపు మీంచి కళ్ళు తియ్యట్లేదు."

అప్పుడు మాటలు తెగిన పూసల్లా రాలాయి. గంటకోసారి ఫోను చేస్తుంటే ప్రేమనుకుంది. స్నేహితురాళ్ళని మానెయ్యమంటే మానేసింది. తర్వాత వాడి స్నేహితుడి గది.

"వద్దన్నాను మేడమ్. రెండుసార్లు. కానీ ఆ గదికి నా కాళ్ళతో నేనే వెళ్ళాను. అమ్మకి అదే చెప్తానంటున్నాడు."

"గదికి వెళ్ళడం గదికి వెళ్ళడమే. నువ్వు వద్దన్నాక జరిగింది వాడి నేరం. ఒక్కసారి కూడా అనలేకపోయినా వాడి నేరమే."

ఆ మాట ఎవరైనా అంటారని ఆ పిల్ల అనుకోలేదు. నమ్మడానికి భయం వేసింది.

అసిస్టెంటు ఆ పిల్ల ఫోను తీసుకుని అంతా వెతికింది. "ఇందులో ఏమీ లేదు మేడమ్."

"వాడి లెక్క ఎప్పుడైనా తప్పిందా?"

"ఒక్కసారి. మొన్న మంగళవారం పళ్ళ డాక్టరు దగ్గరికని ఇంట్లో చెప్పి లైబ్రరీకి వెళ్ళాను. గంటసేపు డాక్టరు మెట్లమీద కూర్చోబెట్టావని మర్నాడు నా మణికట్టు మెలిపెట్టాడు."

డిటెక్టివ్ పెన్ను కింద పెట్టింది. "అయితే వాడు నీ వెంట రావట్లేదు. నీ మాట వెంట వస్తున్నాడు." ఆవిడ చూపు చొక్కా మీద పడింది. "గుండీ ఊడితే దారం ఎలా ఉంటుంది?"

"పీచుపీచుగా..." అంటూ ఆ పిల్ల ఆగిపోయింది. దారం కొసలు నున్నగా, సమంగా ఉన్నాయి. బ్లేడుతో కోసినట్టు. రోజూ చూసే పనే. భయంలో కళ్ళు ఏమీ చూడలేదు.

"రేపు నాలుగింటికి కళ్ళ డాక్టరు దగ్గరికని అమ్మకి ఒక్కదానికే చెప్పు. నువ్వు మాత్రం ఇక్కడికి రా. ఒక్క షరతు. చివరికి ఇది అమ్మ వినాలి. పక్కన నేనుంటాను."

మర్నాడు నాలుగుంబావుకి అసిస్టెంటు ఆసుపత్రి దగ్గర్నుంచి ఫోను చేసింది. "వచ్చాడు మేడమ్. గేటుకే చూపులు అతికించాడు."

ఆ పిల్ల కిటికీలోంచి షాపు వైపు చూసింది. చెప్పింది అమ్మకే. అమ్మే వాడికి చెప్తోందా?

ఆరింటికి షాపు షట్టరు సగం దించారు. అమ్మ, కటింగు మాస్టారు, అసిస్టెంటు. డిటెక్టివ్ ఫోనులో ఫోటో చూపించింది. "ఇతను తెలుసా?"

"గుండీల అబ్బాయే కదండీ!" అంది అమ్మ.

"నన్ను మావయ్యా అని పిలిచేవాడు, వెధవ," అన్నాడు మాస్టారు, ఇంకా సంగతి పూర్తిగా తెలియకుండానే.

"అమ్మాయి షాపులో లేని వేళ చూసుకుని వస్తాడు. వచ్చేముందు గుండీ తనే కోసుకుంటాడు. ఎప్పటికిస్తారని అడుగుతాడు. జవాబు అదిగో." ఆవిడ పలక చూపించింది. *తెల్లచొక్కా ఏడింటికి. పాప నాలుగింటికి కళ్ళ డాక్టరు దగ్గరికి.* "మీరు ఏ తప్పూ చెయ్యలేదమ్మా. మీ నిజాయితీని వాడు దొంగిలించాడు."

వాడి చొక్కాలకి తన చేత్తోనే గుండీలు కుట్టింది. మడతలో ఉన్న చొక్కాని ఆ పిల్ల దూరంగా నెట్టింది. డిటెక్టివ్ చెయ్యి భుజంమీద ఆనాక, మిగతాది తనే చెప్పింది. గది. రెండుసార్లు.

"నాకెందుకు చెప్పలేదే..." అని అమ్మ అనబోయి, డిటెక్టివ్ తల అడ్డంగా ఊపడం చూసి మాట మింగేసింది. కొంగుతో పలక తుడిచింది. రాసింది పోయాక కూడా తుడుస్తూనే ఉంది.

"వాణ్ణి పిలిపించలేదేం మేడమ్?" అంది అసిస్టెంటు.

"వాడి ఎదుట ఈ పిల్ల నిలబడక్కర్లేదు. వాడి సంగతి పోలీసులు చూస్తారు. ముందు డాక్టరు." ఒక కార్డు బల్లమీద పెట్టింది. "పిల్లల హెల్ప్‌లైను. ఏ అడుగుకి ముందైనా నీతో మాట్లాడతారు."

"నేను చెయ్యనా తల్లీ?" అంది అమ్మ.

ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. తెల్లచొక్కా మడత విప్పలేదు. దారమెక్కించిన సూదిని తీసి సూదుల దిండుకి గుచ్చింది. నంబరు నొక్కింది.

"చెప్పమ్మా, వింటున్నాను," అంది అవతలి గొంతు.

"నేను వద్దన్నానండీ," అంది.